మమ్మల్ని బెదిరింప ప్రార్థన

మా ఊళ్లో పత్రికా స్వేచ్ఛకు ఎలాంటి ముప్పూ లేదన్న సంగతి బయటపడి, కిందటేడు మా పరువు పోయింది.

అంతవరకూ ఆ లోటు మాకు తెలియనే తెలియదు. చెలమలపూడి పట్టణంలో పత్రిక అంటే ఒక్కటే, బస్టాండు గోడకు బిగించిన నల్లబల్ల. దాని పేరు ‘నిప్పు’. సంపాదకుడు, విలేఖరి, ముద్రాపకుడు అన్నీ దైవసహాయం మాస్టారే. హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాక బడి వదిలేశారు గాని సుద్దముక్క వదల్లేకపోయారు. రోజూ తెల్లారగానే బల్ల తుడిచి, గుండ్రటి అక్షరాలతో ఊరి వార్తలు రాస్తారు. ఎవరింట్లో పెళ్లి, ఎవరి గేదె తప్పిపోయింది, మండలాఫీసులో ఏ గుమాస్తా సెలవు పెట్టాడు, అన్నీ ఉంటాయి. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో ‘ఈ రోజు కుళాయి ఎప్పుడు’ అన్న వార్త ఉంటుంది. మా మునిసిపాలిటీ నీళ్లు ఎప్పుడు వదులుతుందో మునిసిపాలిటీకే తెలియదు కాబట్టి, ఊళ్లో ఆడవాళ్లందరూ ఆ బల్ల చూశాకే బిందెలు కడుక్కుంటారు.

ఆ గోడకు ఎదురుగా నాది జిరాక్సు కొట్టు. నా పేరు నూకరాజు. జిరాక్సుల సంగతి ఎలా ఉన్నా, అర్జీలు టైపు చేయడంలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడు. ‘తమ దివ్యసముఖమునకు సవినయముగా మనవి చేయునది ఏమనగా’ అని మొదలుపెట్టానంటే, చదివే ఆఫీసరు చివరి వరకూ ఊపిరి తీసుకోవడానికి వీలుండదు. ఈ కథలోని కాగితాలన్నీ నా కంప్యూటర్లోంచి వచ్చినవే. అందుకు నాకేమీ సిగ్గు లేదు.

గొడవంతా వానతో మొదలైంది. వాన పడితే ‘నిప్పు’ చెరిగిపోతుంది. నీళ్ల వార్త చెరిగిపోతే బిందెలు ఖాళీగా ఉండిపోతాయి. బల్ల మీద ఒక రేకు వేయించండని మాస్టారు మునిసిపాలిటీకి నాచేత అర్జీ పెట్టించారు. రేకు ఏ పద్దు కింద కొనాలో తెలియక వాళ్లు దాన్ని భద్రంగా దాచిపెట్టారు. అప్పుడెవరో చెప్పారు, విదేశాల్లో ‘స్వేచ్ఛా గళాల ఆసరా సంస్థ’ అని ఒకటుంది, స్వతంత్ర పత్రికలకు సాయం చేస్తుందని. మాస్టారు రాయించారు, నేను టైపు చేశాను. ఎలాగూ పలకరనుకున్నాం. పదిరోజుల్లో తెల్లకారు వచ్చి కొట్టు ముందు ఆగింది.

అందులోంచి దిగినావిడ పేరు ప్రణవి. హైదరాబాదులో ఆ సంస్థకు కార్యక్రమాధికారి. చేనేత చీర, మెడలో కార్డు, చేతిలో చాలా ఖరీదైన మంచినీళ్ల సీసా. ముందుగా ఆవిడ మాకు ఒక విషయం చెప్పారు. తమ సంస్థ లెక్కల్లో మా ఊరు ‘వికసిస్తున్న ప్రజాస్వామ్యం’ అట. మా తాత దగ్గర్నుంచీ ఓట్లేస్తున్నాం, ఇంకా మొగ్గలోనే ఉన్నామని మాకెవరూ చెప్పలేదు.

“రేకు ఇస్తారాండీ?” అన్నారు మాస్టారు.

“రేకులు మేం ఇవ్వం సర్. మేం ఎకోసిస్టమ్ ఇస్తాం. అందులో భాగంగా రేకు రావచ్చు. ముందు మీ రిస్క్ ప్రొఫైల్ చూద్దాం. మిమ్మల్ని ఎవరు బెదిరిస్తున్నారు?”

మాస్టారు ఆలోచించారు. “మా ఆవిడండి.”

“అలా కాదు సర్. అధికార యంత్రాంగం. పోలీసులు, మునిసిపాలిటీ.”

“అబ్బే, కమిషనర్ వామనమూర్తిగారు బంగారమండి. మొన్న సుద్దముక్కలైపోతే ఆయనే ఒక పెట్టె పంపించేరు.”

ప్రణవిగారి మొహం మాడిపోయింది. ఆవిడ నాకేసి చూసి, ఆ పెట్టె సంగతి ఎక్కడా రాయొద్దన్నారు. ఆ తర్వాత ఓపిగ్గా వివరించారు. సాయం అందాలంటే పత్రిక స్వతంత్రంగా ఉండాలి. స్వతంత్రంగా ఉందనడానికి రుజువు, ఎవరో ఒకరు దాన్ని అణచాలని చూడటం. ఎవరూ అణచడం లేదంటే ఆ పత్రిక అమ్ముడుపోయిందన్నా అనుకోవాలి, అది పత్రికే కాదన్నా అనుకోవాలి. కనీసం ‘మధ్యస్థ స్థాయి బెదిరింపు’ లేనిదే ఫైలు కదలదు. పక్క జిల్లాలో ఒక పత్రికకు రాళ్లదెబ్బలు కూడా ఉన్నాయట, వాళ్లకి భవనం కట్టించారట.

“ఆళ్ల అదృష్టం,” అన్నారు మాస్టారు దిగులుగా.

కారు వెళ్లిపోయింది. తర్వాత నాకే తట్టింది. అడగందే ఏ ఆఫీసూ ఏమీ ఇవ్వదు. కుళాయి కావాలన్నా అర్జీయే, రేషను కార్డు కావాలన్నా అర్జీయే. బెదిరింపు మాత్రం ఊరికే వస్తుందా? వెంటనే టైపు చేశాను.

‘విషయము: పత్రికా సంపాదకుని బెదిరింప ప్రార్థన. అయ్యా, నేను గత కొన్ని సంవత్సరములుగా ఇచ్చట పత్రిక నడుపుచుండియు, తమ కార్యాలయము వారి నుండి నేటి వరకు ఎటువంటి బెదిరింపునకు నోచుకొననందున, తోటి సంపాదకుల యెదుట తలవంపులు కలుగుచున్నందున, తమరు దయయుంచి నన్ను మధ్యస్థ స్థాయికి తగ్గకుండ బెదిరింపవలసినదిగా ప్రార్థించుచున్నాను.’

అర్జీ పట్టుకుని ఇద్దరం కమిషనర్‌ గారి దగ్గరికి వెళ్లాం. వామనమూర్తిగారు నోట్లో నాలుక లేని మనిషి. అటెండర్ని పిలవడానికి కూడా బెల్లు కొట్టరు, లేచి వెళ్లి బతిమాలుకుంటారు. అర్జీ చదివి చెమట తుడుచుకున్నారు.

“మాస్టారూ, మా అబ్బాయికి డ్రాయింగు నేర్పినవారు మీరు. మిమ్మల్ని నేనెలా బెదిరిస్తానండి?”

“ఊరి కోసమండి. రేకు కోసం.”

“కాదనను. కాని నియమావళిలో బెదిరింపునకు అధికారం ఏ సెక్షను కింద ఉందో చూడాలి. పన్ను కట్టనివారిని హెచ్చరించవచ్చును. శిథిల భవనముల యజమానులను హెచ్చరించవచ్చును. మీరు ఈ రెంటిలో దేని కిందికీ రారు.”

వారం తర్వాత రాతపూర్వకంగా జవాబొచ్చింది. నేను టైపు చేసిన అర్జీకి జవాబు కూడా నా దగ్గరే టైపు చేయించుకుపోయారు. ‘తమరిని బెదిరించుటకు ప్రస్తుత ఆర్థిక సంవత్సరమున కేటాయింపు లేనందున, తమ అభ్యర్థన వచ్చే సంవత్సరము పరిశీలింపబడును.’

ఆ కాగితం చూపిస్తే ప్రణవిగారు ఫోన్లో చాలా సంతోషించారు. నిరాకరణ కూడా ఒక విధమైన అణచివేతేనట, దరఖాస్తులో దానికి రెండు మార్కులుంటాయట. కాని నోటితో చేసిన బెదిరింపు ఒకటైనా వీడియోలో ఉండాలి. చివరికి కమిషనర్‌ గారు మొహమాటానికి పోయి ఒప్పుకున్నారు. ఒక ఉదయం బస్టాండుకు వచ్చారు. వీడియో తీయమని నా చేతికి ఫోనిచ్చారు. చుట్టూ బిందెలతో ఆడవాళ్లు చేరారు. ఆయన గొంతు సవరించుకుని, మాస్టారి దగ్గరికి వెళ్లి, అటూ ఇటూ చూసి అన్నారు.

“మాస్టారూ... జాగ్రత్తండి.”

టీకొట్టు ముత్యాలమ్మ వెంటనే అందుకుంది. “మంచి మాట చెప్పేరు బాబూ. ఈయన ఎండలో టోపీ ఎట్టుకోరు. నేను సెప్తే ఇంటేనా?”

వీడియో చూసిన విదేశీ నిపుణులు ‘బెదిరింపు నాణ్యత సంతృప్తికరంగా లేదు’ అని రాశారు. అయితే వాళ్లు మంచివాళ్లు. ఒక సంస్థ చేతగానితనంతో ఉంటే దాన్ని నిందించకూడదు, దాని సామర్థ్యం పెంచాలి అన్నది వాళ్ల సిద్ధాంతం. స్వతంత్ర పత్రికను నిలబెట్టాలంటే, దాన్ని పడగొట్టగల యంత్రాంగాన్ని ముందు నిలబెట్టాలి. అందుకోసం పత్రికకు ఇవ్వదలచిన సాయంలో సింహభాగం మునిసిపాలిటీకి మంజూరైంది.

శిక్షణ తరగతులు వాసవీ కల్యాణ మండపంలో జరిగాయి. గుస్తావ్ అని ఒక తెల్లదొర వచ్చాడు. ఆరడుగుల పైన మనిషి, చిన్నపిల్లాడి నవ్వు. చాలా దేశాల్లో నియంతలు దిగిపోయాక పనిలేక ఖాళీగా ఉన్న వాళ్ల మనుషులను పోగేసి, ఈ బెదిరింపుల విద్యకు పాఠ్యప్రణాళిక తయారుచేశాడట. బల్ల ఎలా గుద్దాలో, మాట మధ్యలో ఎంతసేపు ఆగాలో, ఎదుటివాడి పిల్లలు ఏ బడిలో చదువుతున్నారని ఎలా అడగాలో బొమ్మలు వేసి చూపించాడు. ప్రణవిగారు తెలుగులో చెప్పారు. మునిసిపల్ సిబ్బంది అందరూ జంటలుగా నిలబడి ఒకర్నొకరు ఉరిమి చూసుకున్నారు.

చూపులు బాగానే కుదిరాయి. మాటలే కుదరలేదు.

“నీ అంతు చూస్తానండి!” అన్నాడు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు.

“మీ కాళ్లు విరగ్గొడతామండి!” అన్నాడు శానిటరీ మేస్త్రి, చేతులు కట్టుకుని.

గుస్తావ్‌ తల పట్టుకున్నాడు. ఆ చివరనున్న మర్యాద ఊడదీయడానికి మూడు పూటలు పట్టింది. గోదావరి నీళ్లు తాగినవాళ్లం, అది మాకు ఊపిరితో వస్తుంది. కాని చివరిరోజున అద్భుతం జరిగింది. కమిషనర్‌ గారి వంతు వచ్చింది. ఆయన బల్ల ముందు నిలబడి కళ్లు మూసుకున్నారు. చిన్నప్పటి నుంచీ ఆయన మీద అరిచినవాళ్లందరూ గుర్తొచ్చారో ఏమో, చెయ్యెత్తి బల్ల మీద ఒక్కటి గుద్దారు. మజ్జిగ గ్లాసులు ఎగిరిపడ్డాయి. “ఏం తమాషాగా ఉందా?” అన్నారు. మండపం బయట పడుకున్న కుక్క లేచి వెళ్లిపోయింది.

గుస్తావ్‌ చప్పట్లు కొట్టాడు. కమిషనర్‌ గారు తన చేతికేసి తానే చూసుకున్నారు, అది ఇన్నాళ్లూ తన ఒంటికే ఉందా అన్నట్టు.

తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. మునిసిపాలిటీలో ‘బెదిరింపుల విభాగము’ వెలిసింది. దానికి గది, బోర్డు, ఇద్దరు గుమాస్తాలు, ఒక జీపు. సోమవారం నోటీసు, బుధవారం పిలిపించి బల్ల గుద్దడం, శుక్రవారం ఫోనులో మాట్లాడకుండా ఊపిరి వినిపించడం. ప్రతి బెదిరింపుకూ మాస్టారు సంతకం పెట్టి అందినట్టు రసీదు ఇచ్చేవారు. నోటీసులన్నీ నేనే రాసేవాణ్ణి. ‘ఇందుమూలముగా తమరిని తీవ్రముగా హెచ్చరించడమైనది, తమరు కుశలమని తలంచెదము.’ నాకు బాగా నచ్చిన వాక్యం అది.

మాస్టారి దశ తిరిగింది. ‘పీడిత సంపాదకుడు’ అన్న హోదాలో విమానమెక్కి సదస్సులకు వెళ్లొచ్చారు. శాలువాలు తెచ్చారు. బల్లకు రేకేమిటి, స్టీలు స్తంభాలతో పందిరే వచ్చింది. చుట్టూ అద్దం, పైన లైటు. ఒకవైపు సంస్థ గుర్తు, రెండోవైపు వాళ్లకు డబ్బిచ్చిన దేశాల జెండాలు, కింద ‘ఈ వార్తలతో దాతలకు సంబంధం లేదు’ అన్న ప్రకటన. అవన్నీ పోగా మధ్యలో పలకంత చోటు మిగిలింది. అందులో మాస్టారు ఆ రోజు తనకు అందిన బెదిరింపు వివరాలు రాసేవారు. కుళాయి వార్త అడుగున ఒక మూలకు చేరింది. ముత్యాలమ్మ అద్దానికి ముక్కు ఆనించి చదివి, “ఏటో మాస్టారూ, మీరు పెద్దోరయ్యేరు, మా నీళ్లు సిన్నవైపోయాయి,” అంది. మాస్టారు విన్నారు గాని అప్పుడాయన సూట్‌కేసు సర్దుకుంటున్నారు.

కమిషనర్‌ గారు కూడా మారిపోయారు. మంగలి షాపులో బల్ల గుద్దారు. కూరగాయల బజార్లో వంకాయలమ్మిని పిల్లలు ఏ బడిలో చదువుతున్నారని అడిగారు. ఆఫీసులో ఏళ్ల తరబడి కదలని కాగితాలు కదిలాయి. నిజం చెప్పొద్దూ, ఊరు కాస్త ముచ్చటపడింది కూడా. మా కమిషనరుకూ గొంతుందని అందరూ చెప్పుకున్నారు.

అప్పుడు కోతి చచ్చిపోయింది.

నీళ్లు వదిలే సింహాచలం ఒక మధ్యాహ్నం నా కొట్టుకొచ్చి, మాస్టార్ని పక్కకు పిలిచి చెప్పాడు. పెద్ద ట్యాంకు మూత ఎప్పుడో విరిగిపోయింది. లోపల కోతి పడి చచ్చింది. ఎప్పుడు పడిందో తెలీదు, బాగా ఉబ్బిపోయింది. ఆఫీసులో చెబితే నోరు మూసుకోమన్నారు. “మా ఈదిలో అప్పుడే ముగ్గురు పిల్లలకి వాంతులండి,” అన్నాడు.

మాస్టారి చేతిలో ఏదో సదస్సు ఆహ్వానం ఉంది. దాన్ని నా బల్ల మీద పెట్టేశారు. నేరుగా వెళ్లి, అద్దం తలుపు తీసి, బెదిరింపుల వార్తలన్నీ చేత్తోనే తుడిచేశారు. జెండాల మీదుగా, గుర్తుల మీదుగా, పాతరోజుల్లోలా ఈ చివర నుంచి ఆ చివరకు రాశారు. ‘ట్యాంకులో కోతి చచ్చింది. నీళ్లు తాగొద్దు.’

గంటలో బెదిరింపుల విభాగం జీపు వచ్చింది. ఎందుకు రాదు? జీపుంది, డ్రైవరున్నాడు, డీజిలుంది. కోతిని తీయడానికే మా మునిసిపాలిటీలో విభాగం లేదు. కోతి వార్తను తీయడానికి బ్రహ్మాండమైన విభాగం ఉంది. బల్లను అద్దంతో సహా ఊడబెరికి జీపులో వేసుకున్నారు. నా కొట్లో ఒక ప్రకటన టైపు చేయించారు. ‘ట్యాంకునందు కోతి ఉన్నట్లు ఈ కార్యాలయ దాఖలాలలో లేదు. ఒకవేళ ఉన్నచో సదరు కోతి అనుమతి లేకుండ ప్రవేశించినది గావున దానికి ఈ కార్యాలయము బాధ్యత వహింపదు.’ దాంతోపాటు ఇంకో ఉత్తర్వు. పురపాలక పరిధిలో ఏ గోడ మీద గాని, స్తంభం మీద గాని, బల్ల మీద గాని, కాగితం మీద గాని నీటి గురించి ఎవరూ ఏమీ రాయరాదు.

మాస్టార్ని ఆఫీసుకు పిలిపించారు. నేను కూడా వెళ్లాను. వామనమూర్తిగారు బల్ల గుద్దారు. ఆ గుద్దు వేరు. గ్లాసులేవీ లేవు, చూసేవాళ్లు లేరు, గుస్తావ్‌ చప్పట్లు లేవు.

“ఇంకొక్క అక్షరం రాశావంటే లోపల వేయిస్తాను,” అన్నారు. చివర ‘అండి’ లేదు.

బయటికొచ్చాక మాస్టారి మొహంలో ఒక వెలుగు. “నూకరాజూ, ఇది నిజమైందిరా! ఇప్పుడు చూడు, ఆళ్లందరూ వస్తారు,” అని ప్రణవిగారికి ఫోను చేశారు. స్పీకరు పెట్టారు కాబట్టి నేనూ విన్నాను.

“సర్, ఒక్క నిమిషం. రసీదు ఇచ్చారా మీకు?”

“లేదండి. జైల్లో ఏయిస్తానన్నారండి. బల్ల తీసుకుపోయేరండి. పిల్లలు జబ్బుపడతన్నారండి.”

“అంటే... షెడ్యూల్లో లేని బెదిరింపా?”

“అవునండి!”

ఆవిడ ఏవో కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆవిడ గొంతు బాగా మెత్తబడింది. వాళ్ల భద్రతా విధానం ప్రకారం, ముప్పు ఉన్న ప్రాంతాల్లో సంస్థ పనిచేయకూడదట. ముప్పు లేని ప్రాంతాలకు సాయం అక్కర్లేదు, ముప్పున్న చోటికి సాయం రాదు. మధ్యలో ఎక్కడో ఒక సన్నటి గీత ఉంటుందట, మేం దాన్ని దాటేశామట. “మీ క్షేమమే మాకు ముఖ్యం సర్. అందుకే ఇకనుంచి మీకు ఫోను కూడా చేయం,” అని పెట్టేశారు.

తర్వాతి వారం వాళ్ల ప్రకటన వచ్చింది. చెలమలపూడి కార్యక్రమం లక్ష్యాలన్నీ సాధించి విజయవంతంగా ముగిసింది. పత్రికలపై దాడుల సంఖ్య ఆ పట్టణంలో పూర్తిగా తగ్గిపోయింది. అది అబద్ధం కాదు. దాడి చేయడానికి పత్రిక ఉంటే కదా.

ఆ ప్రకటన రావడానికి ముందే, ఫోను పెట్టేసిన ఆ సాయంత్రమే, మాస్టారు నా కొట్లో కూలబడిపోయారు. ఆయన్ని అలా చూడలేకపోయాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది. “రేకు కోసం ఎల్లేనురా,” అన్నారు. “రేకొచ్చింది, బల్ల పోయింది. అది పోతే పోనీ. పిల్లలు తాగేత్తన్నారురా ఆ నీళ్లు. ఒక్కొక్క ఇంటికీ ఎల్లి చెప్పేవరకూ ఎంతమంది తాగుతారో!”

ముత్యాలమ్మ టీలు తెచ్చింది. ఆవిడ తన ఇంట్లో కాచిన నీళ్లే వాడుతోంది. ఉత్తర్వు కాపీ నా బల్ల మీదుంటే, చదివి వినిపించమంది. వినిపించాను.

“గోడ మీద రాయకూడదన్నారు. బల్ల మీదొద్దన్నారు. నేల మాట ఏమన్నా అన్నారా?”

“లేదు.”

“మరింకేటి? జనవరి ఒకటో తారీకు ‘హేపీ న్యూ ఇయర్’ అని ఏ ఇంటి ముందు రాయం? ఆ ఇంగిలీసు ముక్కలే రాసినోళ్లం, కోతిని రాయలేమా? మాస్టారూ, మీరు అక్షరాలు ఎలా తిప్పాలో ఓ కాయితం మీద ఏసియ్యండి. నేను ఈది ఈదికీ ఇచ్చుకొత్తాను.”

మాస్టారు లేచి కళ్లద్దాలు పెట్టుకున్నారు. నేను ఆ రోజు తీసినన్ని జిరాక్సులు జీవితంలో తీయలేదు.

మర్నాడు తెల్లారేసరికి చెలమలపూడి నేలంతా పత్రికైపోయింది. ప్రతి గుమ్మం ముందూ కళ్లాపి చల్లి ముగ్గు. చుక్కలు, పద్మాలు, తీగలు, మధ్యలో ‘నీళ్లు తాగొద్దు.’ చదువురానివాళ్లు కోతి బొమ్మ వేశారు, తోక పైకి, కాళ్లు పైకి. కుర్రకోడలొకత్తె రంగులు కూడా నింపింది. తుడిచేయమని విభాగం వాళ్లను పంపారు. వాళ్లు చీపుళ్లు పట్టుకుని వీధి మొదట నిలబడ్డారు. మొదటి ముగ్గు జీపు డ్రైవరు భార్యది. రెండోది గుమాస్తా తల్లిది. ఒకరి గుమ్మం ముందు పెట్టిన ముగ్గు పొద్దున్నే తొక్కడానికి ఎవడికి కాళ్లొస్తాయి? వాళ్లు అంచుల వెంబడి ఒక్కొక్క అడుగే వేసుకుంటూ, గోడలకు అతుక్కుని, వీధి చివరికి వెళ్లిపోయారు.

నాకు ఆశ చావక ప్రణవిగారికి ఒక ఫొటో పంపాను. ముగ్గులు మీడియా కిందికి రావని, హస్తకళల కిందికి వస్తాయని, ఆ విభాగం వేరే దేశంలో ఉందని జవాబొచ్చింది.

మూడో రోజు పొద్దున్నే కమిషనర్‌ గారి ఇంటి నుంచి నాకు కబురు. ముగ్గుల నిషేధపు ఉత్తర్వు తయారుచేసి, సంతకానికి తెమ్మన్నారు. ‘నేలపై తెల్లని పొడితో గాని, రంగుల పొడితో గాని, చుక్కలతో గాని, చుక్కలు లేకుండ గాని...’ అని రెండు పేజీలు టైపు చేసి పట్టుకెళ్లి, గేటు బయట ఓ పక్కగా నిలబడ్డాను. ఆయన స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, చెప్పులేసుకుని వరండా దిగి వచ్చారు. గేటు తీశారు. ఒక కాలెత్తారు.

ఆ కాలు అలాగే ఉండిపోయింది.

గేటుకు ఈ స్తంభం నుంచి ఆ స్తంభం వరకూ ముగ్గు. ఇరవై ఒక్క చుక్కల పద్మం. నడిబొడ్డున, సన్నటి పిండితో, ముత్యాల్లాంటి అక్షరాలు. ‘ట్యాంకులో కోతి ఉంది. ఈ ఊరి కమిషనరుకు తెలుసు.’

“ఎవరు పెట్టారిది?” అని బల్ల కోసం చుట్టూ చూశారు. ఏమీ దొరక్క గేటు మీద గుద్దారు.

భార్య సుభాషిణిగారు వరండాలో నిలబడి తల తుడుచుకుంటున్నారు. “మన గుమ్మం ముందు పక్కింటావిడ పెడుతుందా? నేనే పెట్టాను.”

“తుడిచెయ్!”

“నోటీసివ్వండి. సోమవారం కదా ఇస్తారు. వారంలోగా సంజాయిషీ ఇచ్చుకుంటాను.”

“నేనెవరో తెలుసా?”

“పెళ్లినాటి నుంచీ తెలుసు. మనింటికి క్యాన్‌ నీళ్లొస్తాయి, మీకేం? పనమ్మాయి లక్ష్మి కూతురు రెండ్రోజుల్నుంచి ఆస్పత్రిలో సెలైన్‌ మీదుంది. మొన్నటిదాకా మీకు కోపం రాదని బాధపడేదాన్ని. వచ్చిన కోపం ఆ కోతి మీద చూపించొచ్చుగా? దాటి వెళ్లండి. పొద్దున్నే పెట్టిన ముగ్గు, మీ చెప్పులతో తొక్కి వెళ్లండి. నేను చూస్తాను.”

ఆయన ఎత్తిన కాలు కేసి చూసుకున్నారు. ముగ్గు కేసి చూశారు. దూకితే అవతల పడతారా అని కొలుచుకున్నారు. ఎదురింటి వాకిట్లో ముగ్గురాడవాళ్లు చీపుళ్లు ఆపి చూస్తున్నారు. ఆ కాలు నెమ్మదిగా వెనక్కి దిగింది.

“నూకరాజు గారూ,” అన్నారు. ఆ ‘గారూ’ విని ఎన్నాళ్లయిందో. “ట్యాంకు కడిగించే ఉత్తర్వు ఎంతసేపట్లో టైపు చేయగలరండి?”

కొట్టుదాకా వెళ్లక్కర్లేకపోయింది. నిషేధపు కాగితం వెనక్కి తిప్పి, పెన్నుతో, ఒక్క వాక్యం రాశాను. ‘కోతిని తీసి, ట్యాంకు కడిగి, మూత వేయవలెను.’ విషయము లేదు, సూచిక లేదు, సవినయము లేదు. నా వృత్తికే అది తలవంపు. ఆయన గేటు స్తంభం మీద పెట్టి సంతకం చేశారు. సుభాషిణిగారు లోపలికెళ్లి ఒక ప్లాస్టిక్‌ కుర్చీ తెచ్చి గేటు లోపల వేశారు. కమిషనర్‌ గారు అందులో కూర్చుని, ఫోనులో ఒక్కొక్కర్నీ బతిమాలుకుంటూ, నిచ్చెన ఎక్కడుందో, బ్లీచింగు ఎక్కడుందో కనుక్కున్నారు.

సాయంత్రం ట్యాంకులోంచి కోతి బయటికొచ్చింది. ఆ తర్వాతే గేట్లోంచి కమిషనర్‌ గారు బయటికొచ్చారు.